పక్కన చూసుకోండి

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. చచ్చిపోవడం కాదు. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు పడిపోయి, పక్కన నా పసిపిల్ల బుజ్జిది ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంటుంటే, నేను కనబడటం లేదన్న సంగతి బయట ఒక్కరికీ తట్టకపోవడం. అదీ నా భయం. చర్చి మారాలా వద్దా అని మా ఇంట్లో జరుగుతున్న రభసంతా నాకు తిరిగి తిరిగి ఆ ఒక్క చోటికే వచ్చి ఆగుతుంది.

పోయిన వారం ఎక్కడ వదిలేశానో గుర్తుందా? మా ఆయన వెల్డింగ్ షాపు నుంచి వచ్చి, చేతులకి మసి అలాగే ఉండగా, కొత్త సంఘానికి వస్తామని చిన్నయ్యగారికి మాటిచ్చేశానన్నాడు. అత్తయ్య చేతిలో గిన్నె కింద పెట్టింది. "మాటిచ్చింది నువ్వు. నడిచి వెళ్ళేది కూడా నువ్వే" అని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను ఎవరి వెనక వెళ్ళాలో తెలియక వంటింటి గుమ్మంలో నిలబడిపోయాను.

ఇక్కడ తగాదా ఏమీ లేదని మళ్ళీ చెప్పాలి. మా పాత సంఘానికి పెద్దయ్యగారు పాస్టరు. ఆయన కిందే ఏళ్ళ తరబడి పనిచేసిన చిన్నయ్యగారు, ఊరికి ఆ చివర టైర్ల షాపు మీద హాలు అద్దెకు తీసుకుని కొత్త సంఘం మొదలుపెట్టారు. పెద్దయ్యగారే ప్రార్థన చేసి పంపారు. కొన్ని కుటుంబాలు ఆయనతో వెళ్ళాయి. మనుషుల్ని లాక్కున్నారన్న మాట రాకూడదని రెండు వైపుల పెద్దలూ కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నారు. వెళ్ళినవాళ్ళ ఇళ్ళకి వీళ్ళు వెళ్ళరు, ఉండిపోయినవాళ్ళ ఇళ్ళకి వాళ్ళు రారు. ఎంత మర్యాదగా ఉందో అని అప్పుడు అందరం మెచ్చుకున్నాం.

వచ్చే ఆదివారం సాయంత్రం కొత్త సంఘంలో చేరేవాళ్ళని ముందుకు పిలిచి, తలమీద చేతులుంచి ప్రార్థిస్తారు. ఆ తర్వాత ఇక మేము అక్కడి మనుషులం. మా ఆయనకి ఇష్టమే. హాలు మెట్లకి రెయిలింగ్ ఆయనే వేశాడు, ప్రసంగం బల్ల ఆయనే చేశాడు. పాత చర్చిలో ఆయన ఫలానా ఆవిడ కొడుకు. అక్కడ మాత్రం ఆయన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. అది ఎంత తియ్యగా ఉంటుందో నాకు తెలుసు. అందుకే గట్టిగా వద్దనలేకపోయాను.

కానీ పాత చర్చిలో మాకొక అలవాటు ఉండేది. ఆరాధన చివర, ఆశీర్వాదానికి ముందు, పెద్దయ్యగారు కళ్ళద్దాలు తీసి "పక్కన చూసుకోండి" అనేవారు. అందరం తలలు తిప్పి అటూ ఇటూ చూసుకునేవాళ్ళం. మా బల్లల మీద ఎవరి చోటు వాళ్ళదే, ఏళ్ళ నుంచి. పక్కన చోటు ఖాళీగా ఉంటే, ఆ పక్కన కూర్చున్నవాళ్ళు ఇంటికెళ్ళి అన్నం తినకముందే రానివాళ్ళ తలుపు కొట్టాలి. ఎందుకు రాలేదని గద్దించడానికి కాదు. ఉన్నావా అని చూసి రావడానికి. అంతే.

నా పక్క చోటు కుట్టక్కది. బట్టలు కుడుతుంది కాబట్టి చిన్నాపెద్దా అందరికీ కుట్టక్కే. మొగుడు పోయి ఒంటరిగా ఉంటుంది. మా బల్ల గట్టిగా ఉందని మిగిలిన గుడ్డ ముక్కలతో సన్నటి దిండు కుట్టి తెచ్చింది, సగం తను కూర్చుని సగం నాకు వదిలేది. బడి మధ్యలో మానేసినదాన్ని కదా, వాక్యం చదివేటప్పుడు నేను వెనకబడిపోతే, చూడనట్టే చూసి, తన వేలు నా పుస్తకం మీద జరిపేది. ఆ వేలికి ఎప్పుడూ సూది గుచ్చుకున్న మచ్చలు.

బుజ్జిది పుట్టిన కొత్తలో ఒక ఆదివారం నేను చర్చికి వెళ్ళలేదు. అత్తయ్య తన చెల్లెలి ఊళ్ళో ఉంది. మా ఆయన పనిమీద వెళ్ళాడు. నాకు జ్వరం వచ్చి, నీళ్ళకోసం లేచి, నేలమీదే ఉండిపోయాను. తలుపు తోసుకుని వచ్చింది కుట్టక్కే. ముందు బుజ్జిదాన్ని ఎత్తుకుంది, తర్వాత నా చెంప మీద తట్టి, "అన్నం తినకుండా వచ్చానే, లేచి నాకు వండిపెట్టు" అంది. అంత జ్వరంలోనూ నవ్వొచ్చింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ, ఇంకొంచెం ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పబోతే, కుట్టక్క అడ్డుపడి చెప్పనివ్వలేదు.

కొన్ని కుటుంబాలు వెళ్ళాక పెద్దయ్యగారు ఆ మాట అనడం మానేశారు. పక్కన చూసుకోండి అంటే బల్లలు సగం ఖాళీ. ఉన్నవాళ్ళు బాధపడతారని ఆయన మొహమాటం. మాకూ అదే నయమనిపించింది.

*

ఇవాళ సాయంత్రం చిన్నయ్యగారూ, ఆయన భార్య అమ్మగారూ మా ఇంటికి వచ్చారు. మా ఆయనే పిలిచాడు కాబట్టి ఒప్పందం తప్పినట్టు కాదట. బయట వాన. వసారాలో రేకు కారే చోట నేను బకెట్టు పెట్టాను. చిన్నయ్యగారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు, ఆ నీళ్ళ చప్పుడు తనకి వినబడటం లేదన్నట్టు. అమ్మగారు మంచం అంచున కూర్చున్నారు. ఆమె కళ్ళ కింద నలుపు చూసి నాకు జాలేసింది. టీ ఇచ్చాను. అత్తయ్య బయటికి రాదనుకున్నాను గానీ వచ్చింది. బుజ్జిదాని గుడ్డల కుప్ప ముందేసుకుని, అందరికీ వీపు సగం చూపిస్తూ, మడతలు పెట్టడం మొదలెట్టింది.

కాసేపు ఎవరూ అసలు సంగతి ఎత్తలేదు. అత్తయ్యే ఎత్తింది, గుడ్డలతో మాట్లాడుతున్నట్టు. "టైర్ల షాపు మీద కదా హాలు. ప్రార్థన మధ్యలో ట్యూబు పేలితే దయ్యం వదిలిందనుకుంటారేమో."

మా ఆయన "అమ్మా" అన్నాడు.

చిన్నయ్యగారు నవ్వారు. "మొన్న నిజంగానే పేలిందమ్మా. ముందు వరసలో ఇద్దరు స్తోత్రం అనేశారు."

అత్తయ్య పెదవి కొద్దిగా కదిలింది. వెంటనే సర్దుకుంది.

తర్వాత ఆయన నెమ్మదిగా చెప్పుకొచ్చారు. ఆ కాలనీలో ప్రార్థనా స్థలమే లేదని, పనివాళ్ళ కుటుంబాలు ఎక్కువని, మా ఆయనలాంటి మనిషి పక్కనుంటే తనకి ధైర్యమని. అన్నీ నిజమే. చివర నావైపు తిరిగారు. "చెల్లెమ్మా, ఆయన సరే అన్నారు గానీ, నువ్వు ఒక్క మాటా అనలేదు. బలవంతంగా ఎవరి తలమీదా చెయ్యి పెట్టను. నీ మనసులో ఏముందో చెప్పు."

ఇన్ని రోజుల్లో నన్ను అడిగినవాళ్ళు ఆయనొక్కరే. అందుకే దాచలేకపోయాను.

"అయ్యగారూ, ఒక ఆదివారం నేను రాకపోతే ఎవరొస్తారు?"

ఆయనకి అర్థం కాలేదు. మా ఆయనకి అర్థమై, నాకు కళ్ళతో సైగ చేశాడు, వద్దని. నేను ఆగలేదు. నేలమీద పడి ఉన్న ఆ రోజు గురించి చెప్పాను. అక్కడ కుర్చీలు కదా, ఎవరికి ఎక్కడ దొరికితే అక్కడ కూర్చుంటారు, నా చోటు ఖాళీ అని ఎవరికి తెలుస్తుంది అన్నాను. వచ్చినవాళ్ళకి మీరు చప్పట్లు కొడతారట, విన్నాను, బాగుంది, రానివాళ్ళ సంగతేంటి అన్నాను.

చిన్నయ్యగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఫోన్లో ఒక గ్రూపు ఉందని, ఏ ఇబ్బంది వచ్చినా అందులో పెడితే అందరూ ప్రార్థిస్తారని చెప్పారు.

"పడిపోయినదాన్ని ఫోన్లో ఎలా పెడతానండీ?"

అప్పుడు అమ్మగారు నోరు విప్పారు. వచ్చినప్పటినుంచీ ఆమె మాట్లాడటం అదే మొదలు. "దాచడమెందుకు చెల్లెమ్మా. నాకు జ్వరం వచ్చిన ఆదివారం నేనే లేచి వెళ్ళి కుర్చీలు వేశాను. వెయ్యకపోతే ఎవరో అడుగుతారని కాదు, వేసేవాళ్ళు ఇంకెవరూ లేక. ఇంకా అలాగే ఉన్నాం మేము."

చిన్నయ్యగారు ఆమెవైపు చూశారు. ఈ సంగతి ఆయనకి తెలియదని ఆ చూపులోనే తెలిసిపోయింది.

అమ్మగారు కప్పు కింద పెట్టి, ఏదో మాట మార్చడానికన్నట్టు అన్నారు. "కుట్టక్కైనా మాతో వచ్చుంటే ఎంత బాగుండేదో. కిటికీలకి కర్టెన్లు కుట్టి ఇస్తానని కొలతలు కూడా తీసుకెళ్ళింది. మళ్ళీ కనబడలేదు. మీ దగ్గరే ఉండిపోయింది కదా, ఇక అడగడం బాగోదని ఊరుకున్నాం."

అత్తయ్య చేతిలో గుడ్డ సగం మడతలో ఆగిపోయింది.

"మా దగ్గరెక్కడుంది?" అంది అత్తయ్య. "మీతో వచ్చేసింది కదా."

"లేదమ్మా."

"టేపు పట్టుకుని మీ హాలుకి వెళ్తుంటే నేను కళ్ళారా చూశాను."

"కొలతలకి వచ్చింది. కానీ వీడ్కోలు ప్రార్థన రోజు నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆ బల్లని వదిలి ఎలా రాను అమ్మగారూ అంది. అందుకే..."

అందరికీ ఒకేసారి అర్థమైంది. వీళ్ళు మా దగ్గరే ఉందనుకున్నారు, మా బల్లమీద లేదు కాబట్టి మేము వీళ్ళతో ఉందనుకున్నాం. చోటు ఖాళీగా ఉంది. ఆ దిండు బల్లమీద అలాగే ఉంది. నేను ఆ దిండు పక్కన కూర్చుని, చెప్పకుండా వెళ్ళిపోయిందే అని లోపల లోపల అలిగాను. నేనే. ఒప్పందం ఉంది కదా, వెళ్ళినవాళ్ళ ఇంటికి వెళ్ళకూడదు కదా అనుకుని ఊరుకున్నాను.

ఆమెని చివరిసారి ఎప్పుడు చూశామో గుర్తు తెచ్చుకోబోయాం. అమ్మగారు కొలతల రోజన్నారు. అత్తయ్య సంత దారిలో ఎదురైతే మొహం తిప్పుకున్నానంది. ఆ మాట అన్నాక గుడ్డతో నోరు తుడుచుకుంది. అన్నీ ఈ వానలు మొదలవకముందు సంగతులే.

నేను ఫోన్ చేశాను. స్విచాఫ్. కర్టెన్ల కోసం ఒకసారి చేస్తే తనకీ అలాగే వచ్చిందని, తప్పించుకుంటోందనుకున్నానని అమ్మగారు చెప్పారు.

చిన్నయ్యగారు లేచారు. కానీ గుమ్మం వైపు కాదు. ఫోన్ తీసి, ముందు పెద్దయ్యగారిని అడగాలి, ఆమె ఇంకా ఆ సంఘం మనిషేనేమో, మేము నేరుగా వెళ్తే ఇచ్చిన మాట తప్పినట్టవుతుందేమో అని గొణుగుతున్నారు. ఆయన చెడ్డవారు కాదు. భయపడినప్పుడు మనిషి ముందు పద్ధతిని పట్టుకుంటాడు.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "అయ్యగారూ, ఆమె ఎవరి మనిషో తర్వాత తేల్చుకోండి. తలుపు ఎవరు కొడతారో ఇప్పుడు చెప్పండి."

ఆయన నావైపు చూశారు. కోపం వస్తుందనుకున్నాను. ఆయన ముఖం పాలిపోయింది, అంతే. ఫోన్ జేబులో పెట్టుకుని, చెప్పులకోసం వెతకడం మొదలెట్టారు. అవి కాళ్ళ దగ్గరే ఉన్నాయి.

*

బుజ్జిదాన్ని అమ్మగారి ఒళ్ళో పెట్టి బయల్దేరాం. అత్తయ్యని ఉండమన్నా ఉండలేదు. మోకాళ్ళ నొప్పులని మందిరం మెట్లు కూడా పట్టుకుని ఎక్కే మనిషి, వానలో మా అందరికన్నా ముందు నడిచింది.

కుట్టక్క గది ఒక జెరాక్స్ షాపు మీద. పక్క సందులోంచి ఇనప మెట్లు. షాపతను షట్టరు సగం దించుకుంటున్నాడు. పైన ఆవిడ ఉందా అని అడిగాడు మా ఆయన. అతను మమ్మల్ని వింతగా చూశాడు. "మీ చర్చివాళ్ళు వేరేచోట పెట్టారట కదండీ. అక్కడేదో పనిమీద ఉందనుకున్నాను. మిషన్ చప్పుడు వినబడక చాలా రోజులైంది."

మెట్లెక్కాం. పైన సన్నటి వరండా. దానికి ఈ చివర నుంచి ఆ చివరకి తాడు. తాడుమీద నీలం గుడ్డ పొడుగ్గా వేలాడుతోంది. కుట్టేముందు కొత్త గుడ్డని నీళ్ళలో నానబెట్టి ఆరేస్తుంది కుట్టక్క, కుట్టాక కుదించుకుపోకుండా. నాకు ఎన్నోసార్లు చెప్పింది. ఆ గుడ్డ ఎండి, తడిసి, మళ్ళీ ఎండి, మళ్ళీ తడిసి, అంచుల్లో నల్లగా బూజు పట్టింది. తాడు మీద మడత పడిన చోట రంగు పోయి తెల్లటి చార.

"మా కర్టెన్లు" అన్నారు చిన్నయ్యగారు.

తలుపు ఇనపది. మా ఆయన చేసిందే. ఒంటరిదాన్ని తమ్ముడూ, గట్టిగా చెయ్యి, గడియ మాత్రం లోపల ఇంత లావుది వెయ్యి అని ఆమే దగ్గరుండి చేయించుకుంది. మా ఆయన తలుపు మీద రెండు చేతులూ పెట్టి తోశాడు. కదల్లేదు. బయట తాళం లేదు.

"లోపల గడియ పెట్టి ఉంది" అన్నాడు. "నేను వేసిన గడియే. ఇది భుజంతో విరిగేది కాదు."

తలుపు పైన వెంటిలేటర్లోంచి లైటు కనబడుతోంది. ఎప్పటినుంచి వెలుగుతోందో.

అత్తయ్య మమ్మల్ని తోసుకుని ముందుకొచ్చింది. తలుపుకి నుదురు ఆనించి పిలవడం మొదలెట్టింది. "ఒసే కుట్టుదానా, తలుపు తియ్యవే. నాకు కోపం లేదు. ఎక్కడికెళ్ళినా నాకు కోపం లేదు. తియ్యి." మా అత్తయ్య అంత మెత్తగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అది వింటే నాకు ఇంకా భయమేసింది.

నేను ఆమె పక్కన మోకాళ్ళమీద కూర్చుని, తలుపు కింది సందు దగ్గర చెవి పెట్టాను. వాన చప్పుడు. అత్తయ్య ఏడుపు. నేను అత్తయ్య నోటిమీద చెయ్యి పెట్టాను. అత్తగారి నోటిమీద చెయ్యి పెట్టిన మొదటి కోడలిని నేనేనేమో.

అప్పుడు వినబడింది. కుట్టుమిషన్ కింద కాలితో తొక్కే పలక ఉంటుంది కదా, దాని చప్పుడు. ఒక్కసారి. తొక్కితే వచ్చే చప్పుడు కాదు, దేనికో తగిలితే వచ్చేది. నేలమీదనుంచి ఎవరిదో చెయ్యో కాలో తగిలినట్టు. మళ్ళీ లేదు.

"విన్నారా?" అన్నాను. ఎవరూ వినలేదట. మా ఆయన నా ముఖం చూసి, ఇంకేమీ అడగకుండా, మెట్లు రెండేసి దిగి తన వెల్డింగ్ షాపుకి పరిగెత్తాడు, గడియ కోసే మిషన్ తేవడానికి. చిన్నయ్యగారు వరండా చివర వానలో నిలబడి ఒక చెవికి ఫోన్, రెండో చెవికి చెయ్యి పెట్టుకుని ముందు అంబులెన్సుకి చెప్పారు, తర్వాత పెద్దయ్యగారికి. రెండో ఫోన్లో ఒక్క మాటే నాకు వినబడింది. "అయ్యగారూ, మనిద్దరం వదిలేశాం."

ఆదివారం సాయంత్రం ఎవరి చెయ్యి నా తలమీద ఉంటుందో, అసలు ఉంటుందో లేదో, నాకిప్పుడు తెలియదు. ఈ తలుపు తెరుచుకునేదాకా నాకు ఏ చర్చీ లేదు. నేలమీద ఉండి, మాటలు వినబడుతున్నా పలకలేకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి, సందులోంచి వేళ్ళు లోపలికి దూర్చి, "అక్కా, నేనే, అన్నం తినకుండా వచ్చాను" అని అంటూనే ఉన్నాను.

మా ఆయన వచ్చేదాకా నేనిక్కడే ఉంటాను. ఈలోగా మీరొక పని చెయ్యండి. మీ పక్కన ఎప్పుడూ కూర్చునే మనిషి ఒకరుంటారు. ఈమధ్య కనబడటం లేదు. వేరేవాళ్ళతో ఉందిలే, వాళ్ళు చూసుకుంటారులే అని మీరు అనుకుంటున్నారు. ఎవరో మీకిప్పుడే గుర్తొచ్చి ఉంటారు. ఫోన్ చెయ్యకండి. లేచి వెళ్ళి ఆ తలుపు కొట్టండి.